రంగి లేచేదాకా

తలుపు వేసేశారు. వేసి లోపల గడియ కూడా పెట్టుకున్నారు, నేనేదో దొంగలాగా వెనకే దూరతానన్నట్టు. దూరను నాయనా, నాకంత ఓపిక లేదు. కోడి కూయకముందు లేచిన ఒళ్లిది, ఈ వరండా బల్ల మీద ఒక్కసారి నడుం వాలిస్తే నన్ను లేపడానికి వాడకట్టంతా రావాలి. అయినా కన్ను మూతపడడం లేదు. ఆ తలుపు ఆకుపచ్చది, కింద చెక్క నాని ఉబ్బింది, ఆ సందులోంచి డెటాల్ వాసన వస్తోంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నా పొత్తికడుపు దానంతటదే ముడుచుకుంటుంది, ఎన్నేళ్లు గడిచినా ముడుచుకుంటూనే ఉంది. లోపల బల్ల మీద నా కుక్క రంగి పడుకుని ఉంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తున్నారు. ఈ సంగతి తెలిసి మా సాలెవాడ సాలెవాడంతా నవ్వింది. "కుక్కకు ఆపరేషనా? ఆండాళూ, రేపు పిల్లికి పురుడు గిట్ల చేస్తవా ఏంది?" అంది ఎదురింటి సోమమ్మ. నవ్వనీ. నవ్విన నాప చేనే పండుతుందంటారు, ఈ చేను ఇంక పండకూడదనే కదా తల్లీ నా తిప్పలన్నీ.

ఇది సర్కారు పశువుల దవాఖాన కాదు, ఆజం సాబ్ ఇల్లు. కొలువులో ఉన్నన్నాళ్లూ నారాయణపేట చుట్టుపక్కల కోడెలన్నింటినీ ఎడ్లను చేసిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక ముందుగది ఖాళీ చేసి బల్ల వేసుకుని, మేకలూ బర్రెలూ ఎవరు ఏవి తెస్తే అవి చూస్తున్నాడు. ఇట్లాంటి పనికి కుక్కను తోలుకొచ్చిన మొదటిదాన్ని నేనేనట. మొదట ఆయన కూడా నవ్వాడు. తర్వాత రంగి పొట్ట నొక్కి చూసి, నవ్వు ఆపి, "మొగదానికైతే చిటికెల పనమ్మా. ఆడదానికి కడుపు కొయ్యాలె, పెద్ద పని," అన్నాడు. ఆడదానికి ఎప్పుడూ పెద్ద పనే సాబ్, అన్నాను. నా నోరు ఊరుకోదు. ఆయనేమీ అనుకోలేదు. "వచ్చే వారం హజ్‌కు పోతున్న. చేస్తే ఇప్పుడే చెయ్యాలె, నేను తిరిగొచ్చేసరికి అది మల్ల కడుపుతోటి ఉంటది," అన్నాడు. అదిగో, ఆ మాటతో నాకు ఇంక వేరే రోజు లేకుండా పోయింది. రోజు ఉంటే కదా మనిషి ఆలోచించుకునేది. నాకు ఏ పనికీ ఎప్పుడూ ఒక్క రోజే ఉంటుంది, ఆ రోజే ఇంకో నాలుగు పనులు మీద పడతాయి.

ఎదురుగా పీట మీద ఆయన భార్య ఇక్బాల్ బీ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పొద్దున లోపలి పొయ్యి మీద ఆ కత్తెర్లూ సూదులూ ఉడకబెట్టి ఇచ్చిందీ ఈమెనే, అదే పొయ్యి మీద ఇప్పుడు పప్పు ఉడుకుతోంది. ఆడవాళ్ల పొయ్యికి ఏదైనా ఒకటే. "ఆయన పనిల ఉన్నప్పుడు తలుపు కొట్టొద్దు బిడ్డా, కోపం జేస్తడు," అని నేను రాగానే చెప్పింది. కొట్టను, నాకేం పని. గాజుల చేతులు చేటలో అటూ ఇటూ తిరుగుతున్నాయి, రాయి దొరికినప్పుడల్లా వాకిట్లోకి విసురుతోంది, ఒక పిచ్చుక ఆ రాయిని గింజనుకుని వచ్చి, చూసి, వెళ్లిపోతోంది. మళ్లీ వస్తోంది. బుద్ధి రాదు దానికి.

రంగి కూడా అంతే, బుద్ధి లేనిది. వానాకాలంలో ఎక్కడినుంచి వచ్చిందో, చేతి పిడికిలంత ఉంది, వచ్చీ రావడంతోనే రంగు అద్దే తొట్టిలో పడింది. నేను చెవులు పట్టి బయటికి లాగాను. ముందుకాళ్లు రెండూ చాన్నాళ్లు ఎర్రగా పారాణి పెట్టినట్టే ఉన్నాయి, అందుకే రంగి. ఆ కాళ్లు చూసి మా అత్త వెంకటనర్సమ్మ "పెండ్లిపిల్ల వచ్చిందే" అంది. పెండ్లిపిల్ల ఏడాది తిరక్కుండా పిల్లల తల్లి అయింది. ఎక్కడ పెట్టింది? మా మగ్గం గుంటలో. వెచ్చగా, చీకటిగా ఉంటుంది కదా. నా పెనిమిటి సిద్దయ్య పొద్దున గుంటలో కాళ్లు పెడితే మెత్తగా ఏదో తగిలి ఎగిరి పడ్డాడు. ఆ పూటకు మగ్గం ఆగింది. మళ్లీ ఆర్నెల్లకు ఆగింది. మళ్లీ. మగపిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకుపోతారు, పొలం కాపలాకో, గొర్ల మందకో. తోక ఎత్తి చూసి ఆడదైతే అక్కడే పెట్టిపోతారు, వంకాయను చూసి పుచ్చని పక్కన పెట్టినట్టు. ఆ మిగిలినవన్నీ నావి. బస్సు కింద ఒకటి పోతుంది, రోగమొచ్చి రెండు పోతాయి, వాటిని ఎత్తి ఊరవతల పారేసి రావాల్సిందీ నేనే. ఇది వాకిట్లో కూర్చుని నేను వెళ్లిన దిక్కే చూస్తుంటుంది. ఏడవదు. చూస్తుంది అంతే. ఆ చూపు నాకొద్దు బాబూ, ఆ చూపు పడలేకనే ఇక్కడికి వచ్చాను.

సిద్దయ్య చెడ్డవాడు కాదు. మాట తక్కువ మనిషి, కానీ అన్నాడంటే చేస్తాడు, అదే భయం. "ఇంకొక్కసారి గుంటల పిల్లలను పెట్టిందంటె, సంచిల కట్టి రాయచూరు లారీ ఎక్కిస్త," అన్నాడు. అని ఊరుకోలేదు, నూలు కట్టలు వచ్చిన గోనెసంచి ఒకటి దులిపి, మడత పెట్టి, తలుపు వెనక పెట్టాడు. వాకిలి ఊడ్చినప్పుడల్లా నా చీపురు దానికి తగులుతోంది. రాయచూరులో దానికి ఎవరున్నారు? ఇల్లు వెతుక్కుంటూ రోడ్డు పట్టి నడుస్తుంది పిచ్చిది, ఏ లారీ కిందో పడుతుంది. కాబట్టి ఇవాళ ఆ తలుపు వెనక జరిగేది సరిగ్గా జరిగితే రంగికి ఇల్లు ఉంటుంది. లేకపోతే సంచి ఉంటుంది. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు, కానీ దీనికే నా ప్రాణం పీకుతోంది.

నాకు ఈ ఆపరేషన్ బళ్లో అయింది. ఎండాకాలం సెలవులు, బెంచీలన్నీ బయటికి లాగి, చాపలు పరిచి, ఆడవాళ్లందరినీ వరసగా పడుకోబెట్టారు. నల్లబల్ల మీద పిల్లల లెక్కలు చెరపలేదు, కూడికలు. మూడో బిడ్డ చంకలో ఉన్నాడు. "నువ్వు చేయించుకోరాదా, మొగోళ్లకు అల్కగ అయితదట," అని ఒక్కసారి, ఒక్కసారే సిద్దయ్యను అడిగాను. ఆయన నోరు విప్పేలోపు మా అత్త అందుకుంది: "మగ్గం తొక్కేటోని నడుం ఇరుగుతె ఇల్లెట్ల నడుస్తదే?" నిజమే కదా అనుకున్నాను. అనుకుని వెళ్లి పడుకున్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడో, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చుట్టి లేవలేక గోడ పట్టుకున్నప్పుడో, నాకూ ఒక నడుముంది కదా అని గుర్తుకొచ్చేది. అప్పటికి జవాబు చెప్పడానికి ఆలస్యమైపోయింది. మంచి జవాబులన్నీ నాకు గిన్నెలు తోమేటప్పుడే తోస్తాయి.

ఆ రోజు నాకూ ముందు రాత్రినుంచి తిండి పెట్టలేదు. మత్తు ఇస్తే కడుపులో ఏమీ ఉండకూడదట. అందుకే ఆజం సాబ్ పొద్దున "ఏమన్న పెట్టినవా దీనికి?" అని అడగ్గానే, నేనెంత గర్వంగా చెప్పాను! "మంచినీళ్లు గూడ ముట్టనియ్యలే సాబ్." నిన్న పొద్దుగూకినప్పటినుంచీ స్తంభానికి కట్టేసి ఉంచాను. రాత్రి మా అత్త జొన్నరొట్టె ముక్క పట్టుకుని దాని దగ్గరికి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "నోరులేని జీవిని పస్తుంచుతవానే, నీ చేతులు పడిపోను," అంది. పడిపోతే పడిపోనీ అత్తా, అప్పుడైనా కాసేపు కూర్చుంటాను, అన్నాను. మా ఇంట్లో ఇట్లాగే మాట్లాడుకుంటాం, ఎవరికీ ఏమీ కాదు. రొట్టె మాత్రం పెట్టనివ్వలేదు.

వేళ్ల సందుల్లో గంజి ఎండిపోయి చర్మం లాగుతోంది. పొద్దున కడుక్కున్నాను గానీ గంజి ఒక్క కడుగుడుకు పోదు. గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తోంది, గీకడం మొదలుపెడితే ఆపబుద్ధి కాదు. ఇవాళే మా పడుగుకు, మగ్గానికెక్కే నిలువు దారాలకు, గంజి పట్టించే వంతు. వంతు మార్చుకోవడం కుదరదు, వాడకట్టులో పది చేతులు కలిస్తేనే ఆ పని, ఎండెక్కితే దారానికి దారం అంటుకుని చీర నాశనం. అందుకే ముందు గంజి, తర్వాత కుక్క అనుకున్నాను. చీకటితోనే మా అత్త బియ్యప్పిండి ఉడకబెట్టి, చెంచాడు నూనె వేసి, కుండ నిండా గంజి కాచింది. వీధి పొడుగునా పడుగు చాచాం, ఆ చివర సోమమ్మ మొగుడు, ఈ చివర సిద్దయ్య, మధ్యలో మేమందరం కుంచెలతో ముందుకూ వెనక్కూ. పొద్దు పొడిచేటప్పుడు తడి పడుగు ఎంత బాగుంటుందో, అది మాత్రం ఒప్పుకోవాలి, ఎంత విసుగులో ఉన్నా ఒక్క క్షణం నిలబడి చూస్తాను. మా ఇళ్లల్లో ఆ కుండ జోలికి ఎవరూ పోరు. పని దొరకని ఏడు, ఇంట్లో నూకలు కూడా లేని రోజున కూడా, పిల్లలు ఏడుస్తున్నా, ఆ గంజిలో ఎవరమూ చెయ్యి పెట్టలేదు. "అది నూలు వంతు. నూలు తాగేది మనం తాగితె మగ్గం పస్తుంటది," అనేది మా అత్త. ఆ కుండ పొయ్యి మీదే ఉడుకుతుంది గానీ వంట లెక్కలోకి రాదు. పని అయ్యాక అడుగున మిగిలింది ఎప్పటిలాగే గోడవార పెట్టాను. బయలుదేరబోయే ముందు, ఒంటికి పోయి వస్తుందిలే అని రంగిని విప్పాను. అది ఎప్పటిలాగే పోయి కుండలో తల దూర్చింది, కుండ దొర్లింది, నేను కొంగుకు చేతులు తుడుచుకుంటూ చూస్తూ నిలబడ్డాను, అది అడుగు దాకా నాకి మూతి తుడుచుకున్నాక తాడు కట్టి...

ఆగు.

చూస్తూ నిలబడ్డాను. నా రెండు కళ్లతో చూశాను. నూలు వంతులో మిగిలింది కుక్క నాకుతోంది అనుకున్నాను, కుక్క తింటోంది అనుకోలేదు. ఓరి దేవుడా. రొట్టె ముక్క పెట్టనివ్వని మనిషిని, కుండ పెట్టాను. కొంచెమే ఉండెనేమో. కొంచెం కాదే, కుండ దొర్లితే బరువుగానే దొర్లింది. పలుచనిది, ఈపాటికి అరిగి ఉంటుంది. నూనె వేసిన గంజి, దారానికి పట్టి నెలల తరబడి వదలనిది, కుక్క పొట్టలో ఈపాటికే అరుగుతుందా? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది. చెబితే ఆజం సాబ్ ఇంకో రోజు తీసుకురమ్మంటాడు, ఇంకో రోజంటే ఆయన మక్కాలో ఉంటాడు, ఇది కడుపుతో ఉంటుంది, సంచి తలుపు వెనక ఉంటుంది. ఊరుకో ఆండాళూ, ఏమీ కాదు. ఆనాడు బళ్లో నా పక్క చాప మీద పడుకున్నావిడ, పేరు కూడా అడగలేదు, బాలింత, ఆకలికి ఆగలేక అటుకులు తినేసింది. ఆపరేషన్ అయ్యాక గొంతులో ఏదో అడ్డుపడి ఆమె చేసిన చప్పుడు, మనుషులు పరుగెత్తడం, ఆమెను బోర్లా తిప్పి వీపు మీద గుద్దడం. బతికింది. కానీ ఆ చప్పుడు నేను మరచిపోలేదు. నేను లేచి నిలబడ్డాను, ఎప్పుడు లేచానో తెలియదు.

"బీబమ్మా, మా కుక్క గంజి తాగింది."

ఇక్బాల్ బీ తల ఎత్తింది. "ఎప్పుడు?"

"పొద్దుగాల. నూలుకు పట్టించే గంజి."

"మరి సాబ్ అడిగిండు గదనే?"

"అడిగిండు. అది తిండేనని నాకు తోచలే."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని, అబ్బా అంటూ లేచింది. "దా. నేను కొడుత తలుపు. నేను కొడితె ఏమనడు," అంది.

ఆజం సాబ్ గడియ తీశాడు. ఇక్బాల్ బీ చెప్పింది. "ఎంత తాగింది?" అన్నాడు. కుండ అడుగుది, అన్నాను. "యా అల్లా! కోత పెట్టిన, ఇప్పుడు ఆపేదుండదు. దా, ఇటు వచ్చి తల పట్టుకో. బల్ల అంచు మీదికెళ్లి కిందికి వంచు. నోట్లెకు ఏమొచ్చినా వేలు పెట్టి తియ్యి. ఊపిరిల పీల్చిందంటే నా చేతుల లేదు." నేను కడుపు వైపు చూడలేదు. తల పట్టుకున్నాను. ఎంత బరువో దాని తల, నిద్రలో పిల్లల తలలు కూడా ఇంత బరువే ఉంటాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ అందులో రంగి లేదు. నాలుక ఒక పక్కకు జారింది, దాన్ని బయటికి లాగి పట్టుకున్నాను. ఏమీ రాదులే అనుకునేంతలో పొట్ట ఒక్కసారి ఎగిరింది, గొంతులో గురగుర, తెల్లగా, చిక్కగా, నూనె వాసనతో వచ్చేసింది మా అత్త కాచిన గంజి. తెగిన పోగు వెతికి పట్టే వేళ్లివి, చీకట్లో కూడా పట్టుకుంటాయి. పళ్ల వెనక, నాలుక వెనక, గొంతు దాకా పెట్టి తీశాను. తీసిన కొద్దీ వచ్చింది. ఆయన ఒక్కసారి మాత్రం చెయ్యి ఆపి, "అమ్మా, ఇంత కుండ తోచకపోవుడేంది?" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, కుట్లు వేస్తూ, తనలో తానే అన్నట్టు, "ఇప్పుడన్న చెప్పినవ్. చెప్పకుంటె నేను దీని తల ఎత్తుగనే పెట్టి ఉంచుతుంటి," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. దాని నాలుక మాత్రం వదల్లేదు.

ఇప్పుడు మళ్లీ వరండా. గోనెపట్టా మీద రంగి, దాని తల నా తొడ మీద. ఇదీ గోనెనే, కానీ ఇది వేరు. "లేస్తె లేస్తది. దగ్గొద్దు, రొమ్ముల గుర్రుమనొద్దు. సాయంత్రం దాంక నీళ్లు గూడ పొయ్యకు," అని ఆయన చేతులు కడుక్కుని నమాజుకు వెళ్లాడు. నేను ఊపిరి చూస్తున్నాను. వస్తోంది, పోతోంది, ఆగింది, లేదు, వస్తోంది. పొట్ట మీద పట్టీ. దాని కింద కోత, నా కోత ఉన్నచోటే. నీకెవరూ చెప్పలేదు కదే. నాకైనా బిడ్డలు చాలు అనిపించి వెళ్లాను, నిన్నెవరడిగారు. లేచాక నన్ను చూసి నువ్వేమనుకుంటావో. ఏమీ అనుకోవు, అదే నాకు కష్టంగా ఉంది. లే ముందు. తిట్టుకుందువు గానీ.

ఇక్బాల్ బీ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. "ఇంటికి పోయి జర పండుకో బిడ్డా, కండ్లు గుంటలు పడ్డయి. నేను సూస్త."

"పోను బీబమ్మా."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఏరిన బియ్యమేవో, ఏరనివేవో కలిసిపోయినట్టున్నాయి, మొదటినుంచి మొదలుపెట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "నీకు గూడ అయ్యిందా?" అని అడిగింది.

"అయ్యింది."

"నీ తలకాడ ఎవరు కూసున్నరు?"

"అప్పుడు మగ్గం మీద పెండ్లి చీర ఉండె," అన్నాను. పెండ్లి చీర, ముహూర్తానికి అందాలి, సిద్దయ్య దిగడానికి లేదు. చిన్నోడు ఏడుస్తున్నాడని మా అత్త వాణ్ని తీసుకుని ఇంటికి పోయింది. ఎవరి తప్పూ లేదు, నేను ఎన్నిసార్లు లెక్క చూసుకున్నా ఎవరి తప్పూ తేలదు. కానీ కళ్లు తెరిచినప్పుడు నల్లబల్ల కనిపించింది. కూడికలు. నోరు ఎండి నాలుక పైకి అంటుకుపోయింది, నేను అటు చూశాను, ఇటు చూశాను, అందరూ పరాయివాళ్లే. నొప్పి పోయింది, కుట్లు మానాయి, ఆ చూడడం మాత్రం పోలేదు. అప్పుడప్పుడు రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఊరికే తల తిప్పి అటూ ఇటూ చూస్తాను. ఏందే చూస్తున్నవ్ అంటాడు సిద్దయ్య. ఏమీ లేదంటాను.

ఎండ వరండా మెట్టెక్కింది. చాయ్ మీద మీగడ కట్టింది. నేను కునికి ఉంటాను. చేతి మీద ఏదో తడి. వేళ్ల సందులో, గంజి ఇంకా వదలని చోట, గరుకుగా, మెల్లగా, ఒకసారి తగిలి ఆగి మళ్లీ తగిలింది. వంగి చూస్తే రంగి కళ్లు తెరిచి ఉన్నాయి. ఈసారి అందులో అది ఉంది. తల ఎత్తలేదు, తోక కదపలేదు, నాలుక మాత్రం పని మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, రెండూ ఒక్కసారే వచ్చి ముక్కులోంచి కారాయి. "సిగ్గులేనిదానా! ఇంకా గంజేనానే నీకు? గా గంజే నిన్ను మింగపాయె!" ఇక్బాల్ బీ చేట వదిలేసి పరుగున వచ్చింది. దగ్గు లేదు. రొమ్ములో చప్పుడు లేదు. సాయంత్రం దాకా ఏమీ పెట్టొద్దన్నాడు కదా, నేను చెయ్యి వెనక్కి లాక్కుని పిడికిలి బిగించి కొంగులో దాచుకున్నాను. రంగి పిడికిలి పోయిన వైపు చూసింది, గోడ వైపు చూసింది, తర్వాత మెల్లగా కళ్లు తిప్పి నా ముఖం చూసింది.

"సూడు," అన్నాను. "సాయంత్రం దాంక సూడు. నేనేడికి పోను."